పొద్దుటి బస్సు దిగే పిల్ల

ఆఫీసరు వస్తున్నాడంటే సున్నం వేయని సర్కారు గోడను నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు. కూలడానికి సిద్ధంగా ఉన్న గోడైనా సరే, తెల్లగా ఉండి కూలాలి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకు ట్రైనింగులో ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను. ఒకసారి మా సెంటర్‌కు కూడా ఇలాగే సున్నం వేశారు. ఆ తడి ఆరకముందే జరిగిన వ్యవహారం ఇది.

నేను ప్రత్యేక పిల్లల టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నేను చేరిన రోజుల్లో మా పిల్లలను కాగితాల మీద బుద్ధిమాంద్యులు అనేవారు. తర్వాత మానసిక దివ్యాంగులన్నారు. ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. మాట మారినప్పుడల్లా తలుపు మీద బోర్డు మార్చాం. లోపల కుర్చీలు మాత్రం మారలేదు. ఊళ్లోవాళ్లు ఈ మాటలేవీ వాడకుండా "మేడం కాడికి పోయే పిల్లలు" అనేవాళ్లు. నాకు ఆ పేరే బాగుండేది.

మాది మధిర. రైలు కూతతో నిద్రలేచే ఊరు. అక్కణ్ణించి తీసుకొచ్చి మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య అడవిలో ఉన్న ఒక మండల కేంద్రంలో వేశారు. రోడ్డెక్కితే బొగ్గు టిప్పర్లు, రోడ్డు దిగితే కోయగూడేలు, మిరపచేలు. బడి ఆవరణలో ఓ మూలకున్న గది మా సెంటర్. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు పగలంతా మా దగ్గరుండి సాయంత్రం ఇంటికి పోతారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం, దొడ్డికి వస్తే ముందుగా చెప్పడం, పేరు పిలిస్తే పలకడం, మేం నేర్పేవి ఇవే. ఇవి నేర్పడానికి కూడా జీతమిస్తారా అని నవ్వే చుట్టాలు నాకున్నారు. వాళ్లకు జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

నాతోపాటు ఒక ఆయా ఉండేది. తరతరాలుగా పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం వాళ్లది. చిన్నా పెద్దా అందరం ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లం. ఇంట్లో మిగిలిన దూది తెచ్చి, మెడ నిలవని పిల్లలకు దిండ్లు కుట్టిపెట్టేది. పరుపులు కుట్టే లావుపాటి దారాలు తెచ్చి పిల్లల ముందు పోసేది. వేళ్లకు బలం రావాలంటే ముడి వేయడం, ముడి విప్పడం కంటే మంచి పని లేదు. వేలెడు దారం మీద ఒక్క ముడి విప్పడానికి కొందరికి నెలలు పట్టేది. ఆపాకు మాత్రం ఎప్పుడూ తొందర ఉండేది కాదు. "జల్దీ ఏముంది మేడం, ముడి యాడికి వోతది" అనేది.

ఇక ఆ పిల్ల. సర్వే కోసమని ఒక గూడేనికి వెళ్లినప్పుడు మొదటిసారి చూశాను. పధ్నాలుగు, పదిహేనేళ్లు ఉంటాయేమో, పాక ముందు పంచలో గుంజకు కట్టేసి ఉంది. నడుముకు ఒక పాత చీర పీలిక చుట్టి, రెండో కొస గుంజకు ముడేశారు. చేతికందేంత దూరంలో జావగిన్నె, నీళ్ల చెంబు. నన్ను చూడగానే లేచి వచ్చి, ముడి ఎంతవరకు రానిస్తే అంతవరకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. ఇక వదల్లేదు. పొద్దుగూకేవేళకు తల్లి చేలోంచి వచ్చేదాకా నేను అలాగే కూర్చున్నాను.

తల్లికి ఆ పిల్ల ఒక్కతే. మగడు పోయాడు. మిరపకాయలు ఏరడానికో, బీడీల తునికాకు కోతకో పోతేనే ఇల్లు గడిచేది.

"ఇడిసిపెట్టి పోతే రోడ్డు మీదకి వోతది మేడం. టిప్పర్లకు కండ్లుంటయా?" అంది.

నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ రోడ్డు మీద టిప్పర్లు ఎలా పోతాయో నాకు తెలుసు. పైగా ఆ పీలికను పట్టుకుని చూశాను. నడుం ఒరుసుకుపోకుండా ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మెత్తనిదాన్ని వెతికి కట్టింది.

సెంటర్‌కు పంపమంటే తల్లి వెంటనే ఒప్పుకుంది. తెచ్చేదెవరన్నదే సమస్య. తల్లి తెచ్చి దింపి పోతే కూలి ఆటో వెళ్లిపోతుంది. పిల్లలను ఇంటి దగ్గర్నించి తీసుకొచ్చే మనిషిని ఇస్తామని సర్కారు అన్నది, ఆ మనిషి ఎప్పుడూ రాలేదు. అడిగితే ప్రతిపాదన పంపామన్నారు. ఆఖరికి ఆపా, నేనూ ఒక నిర్ణయానికి వచ్చాం. ఆ పిల్లకు బస్సెక్కడం నేర్పాలి.

మొదట ఆపా పక్కన కూర్చుని తెచ్చింది. తర్వాత వెనక సీట్లో కూర్చుని తెచ్చింది. తర్వాత గూడెం స్టేజీలో ఎక్కించి తను దిగిపోయేది, ఇటుపక్క నేను నిలబడి దింపుకునేదాన్ని. కండక్టర్ మంచివాడు. "మా స్టాఫే మేడం" అని ముందు సీటు పెట్టాడు. ఒకరోజు ఆ పిల్ల ఆర్టీసీ బస్సనుకుని బొగ్గు గనుల షిఫ్టు బస్సెక్కేసింది. నేరుగా మణుగూరు గని గేటు దాకా వెళ్లింది. అక్కడి కార్మికులు టిఫిన్ డబ్బాలు విప్పి కడుపునిండా తినిపించి, మర్నాటికి కూడా సరిపడా కబుర్లు చెప్పి, సాయంత్రం మళ్లీ షిఫ్టు బస్సులోనే తెచ్చి దింపారు. ఆ రోజంతా ఆపా, నేనూ అన్నం ముట్టలేదు. పిల్ల మాత్రం తెగ సంతోషంగా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు షిఫ్టు బస్సు కనిపిస్తే చాలు చెయ్యెత్తేది.

అయినా నేర్చుకుంది. పొద్దుటి బస్సుకు దిగేది, వచ్చి సంచి తన మేకుకు తగిలించేది, కుండ దగ్గరికి పోయి గ్లాసుల్లో నీళ్లు ముంచి అందరికీ ఇచ్చేది. ముందు ఆపాకు, తర్వాత నాకు, తర్వాత పిల్లలకు. దాహం లేదంటే ఊరుకునేది కాదు. తాగేదాకా ఎదురుగా నిలబడేది. నేను నీళ్లు బాగా తాగే అలవాటు నేర్చుకున్నది ఆ పిల్ల వల్లే. తల్లి కూలి మానకుండా పోవడం మొదలైంది. గుంజ అలాగే ఉంది కానీ దానికి ఎవరినీ కట్టలేదు.

అలా ఉండగా ఒక కబురు వచ్చింది. పిల్లలు తక్కువగా వస్తున్న సెంటర్లన్నిటినీ మూసి పాల్వంచలో ఒకే పెద్ద సెంటర్ పెట్టాలని ఆలోచిస్తున్నారు. ఒక ఆఫీసరు వచ్చి చూసి వెళ్లాక నిర్ణయం తీసుకుంటారు.

తల్లిదండ్రులను పిలిచి సంగతి చెప్పాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. పాల్వంచకు పోయి రావడమంటే ఒక పూట పోయినట్టే, పనులిడిసి ఎవరు తోలుకపోతరు, పోనీ అక్కడే ఉంచుదామంటే రాత్రి పిల్ల భయపడితే ఎవరు దగ్గరికి తీస్తరు. ఇవన్నీ నాకు తెలిసినవే. టిప్పర్ నడిపే ఒక తండ్రి మాత్రం కొత్త మాట అన్నాడు.

"నాదొక్క డౌటు మేడం. పిల్లలు మంచిగయిన్రని చూపిస్తే, ఇగ సెంటర్ ఎందుకంటరు. మంచిగ గాలేదని చూపిస్తే, ఇన్నొద్దులు ఏం జేసిన్రు, దండుగ అంటరు. ఏది చూపియ్యాలె?"

ఆ ప్రశ్నను మీకు అప్పజెబుతున్నాను.

ఆ పిల్ల తల్లి వెనకాల గోడకానుకుని కూర్చుంది. ఆఖర్న లేస్తూ, "మూసేస్తే నా బిడ్డను మల్ల గుంజకే కట్టాలె. ఇంకేం లేదు" అంది. వాన వస్తే పాక కురుస్తుంది అన్నంత మామూలుగా అంది.

బడి హెడ్మాస్టరుగారిది సత్తుపల్లి వైపు. అందరూ పెద్దసారు అనేవాళ్లు. మంచి మనిషి, కానీ ఇన్‌స్పెక్షన్ అంటే పెళ్లి పెద్ద అయిపోయేవాడు. సున్నం, మామిడి తోరణాలు, శాలువా, కొబ్బరికాయ. "మేడం గారూ, మీరేం కంగారు పడకండి. ఇన్‌స్పెక్షన్లు నాకు కొత్తా ఏంటి?" అన్నాడు. తర్వాత మా గదిలోకి తొంగిచూసి దిగులుపడ్డాడు. మిరప ఏరే రోజులు. సగంమంది పిల్లలను తల్లిదండ్రులు తమ వెంట చేలకు తీసుకుపోయారు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"ఇలా చూపిస్తే ఆ క్షణానే తాళం వేస్తారండీ. మా నాలుగో తరగతి పిల్లలు కొందర్ని తెచ్చి కూర్చోబెడదాం."

"సార్, అది తప్పు. పైగా దొరికిపోతాం" అన్నాను.

"ఎలా దొరుకుతామండీ? మాట్లాడొద్దని చెబుతాను. తలవంచుకుని కూర్చుంటారు. అంతే గదా."

నేను ఎంత వాదించినా వినలేదు. గది ఆయనది, బడి ఆయనది. ఆయన ఇంకొకటి కూడా చేశాడు. ఆ పిల్ల ఒకసారి మండలాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి కళ్లజోడు లాక్కుంది. అది గుర్తుపెట్టుకుని, ఆ రోజుకు పిల్లను ఇంట్లోనే ఉంచమని ఆపాతో తల్లికి కబురు పంపించాడు. సరేనంది తల్లి. సర్కారు సార్లు చెప్పినదానికి ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఆఫీసరు చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. కుర్రాడు, హైదరాబాద్ మనిషి, మర్యాదస్తుడు. శాలువా వద్దన్నాడు. అక్కడే పెద్దసారు సగం కుంగిపోయాడు. మా సొంత పిల్లలు నలుగురైదుగురు ఆపా చుట్టూ చాప మీద ఉన్నారు. కుర్చీల నిండా నాలుగో తరగతి. అందరూ తలలు వంచుకుని, గంభీరంగా, ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఆఫీసరు ఒక అమ్మాయి ముందు గొంతుక్కూర్చుని, "నీ పేరేంటమ్మా?" అన్నాడు. అమ్మాయి ఇంకా కిందికి వంగింది. "చూశారా సార్, పాపం" అన్నాడు పెద్దసారు నిట్టూరుస్తూ. ఆఫీసరు తలాడించి, గోడ మీది పండ్ల బొమ్మలు చూస్తూ, ఎవర్నీ అడగనట్టుగా, "ఇదేంటో?" అన్నాడు.

ఒక పిల్లాడు ఎంతసేపని ఓర్చుకుంటాడు? "మామిడి పండు సార్! ఇంగ్లీషులో మ్యాంగో. స్పెల్లింగు చెప్పాలా సార్?"

అంతే. వరసంతా చేతులెత్తేసింది. సార్ నేను చెబుతా, సార్ నేను చెబుతా. పెద్దసారు ముఖం కొత్త సున్నంతో పోటీ పడింది. ఆఫీసరు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఈ బాబుకు సమస్య ఏంటండీ?"

పెద్దసారు కాసేపు ఆలోచించాడు. "అప్పుడప్పుడు... అల్లరి సార్."

అన్నేళ్లలో ఎప్పుడూ నవ్వు ఆపుకోవడానికి అంత కష్టపడలేదు. కానీ ఆఫీసరు నవ్వలేదు. "అరువు తెచ్చిన పిల్లలు సొంత పిల్లలకంటే ఎక్కువున్నారు. ఇక ఈ సెంటర్ ఎందుకుండాలో మీరే చెప్పండి" అన్నాడు. మిరప ఏరే రోజులని, తీసుకొచ్చే మనిషి లేడని నేను చెప్పాను. విన్నాడు. వింటూనే ఫోన్ చూసుకున్నాడు. పాల్వంచలో ఫిజియోథెరపీ ఉంది, మంచి భవనం ఉంది, ఇక్కడ ఏముందని అడిగాడు. ఏముందో చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. సెంటర్ పోయిందనే అనుకున్నాను. డ్రైవర్ అప్పటికే జీపు తిప్పుతున్నాడు.

అప్పుడు రోడ్డు మీద పొద్దుటి బస్సు ఆగిన చప్పుడైంది. నేను పట్టించుకోలేదు. ఆ రోజు ఆ బస్సుకు మాకెవరూ రారు.

ఆ పిల్ల లోపలికి వచ్చింది.

తల దువ్వుకోలేదు, కాళ్లకు చెప్పుల్లేవు. నడుం నుంచి పాత చీర పీలిక వేలాడుతూ, దాని కొస నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. తోరణాలనూ ఆఫీసరునూ ఎవరినీ చూడలేదు. నేరుగా తన మేకు దగ్గరికి వెళ్లింది. తగిలించడానికి సంచి లేదు. కాసేపు మేకును చూసింది. తర్వాత నడుం మీది ముడి మీద వేళ్లు పెట్టి, ఆపా నేర్పిన పద్ధతిలోనే, ముందు వదులు చేసి, తర్వాత లాగి, విప్పింది. పీలికను మేకుకు తగిలించింది. కుండ దగ్గరికి వెళ్లింది.

ముందు ఆపాకు నీళ్లిచ్చింది. ఆపా తాగింది. నాకిచ్చింది, తాగాను. చాప మీది పిల్లలకిచ్చింది. తన కుర్చీలో కూర్చున్న పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని లేపి, వాడికీ ఇచ్చింది. పెద్దసారుకిచ్చింది. ఆఖర్న ఆఫీసరుకు ఇచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన మర్యాదకు ఒక గుక్క తాగి గ్లాసు ఇవ్వబోయాడు. తీసుకోలేదు. "మొత్తం తాగాలె సార్, గట్లయితేనే తీసుకుంటది" అంది ఆపా. తాగాడు. అప్పుడు పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని వాసన చూసింది. వదల్లేదు. ఆయన లాక్కోలేదు. ఆ కుర్రాడి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

"ఎవరు తెచ్చారీమెను?"

"ఎవరూ తేలేదు సార్. బస్సులో వచ్చింది. రోజూ అలాగే వస్తుంది" అన్నాను.

"ఆ మేకుకు తగిలించిందేంటి?"

ఆపా చెప్పింది. "కట్టేసిన గుడ్డ సార్. గుంజకాడ ముడి ఇప్పుకొని వచ్చిందేమో. ముడి ఇప్పేది మేమే నేర్పినం."

చెప్పి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. దాచుకోవాల్సిన అవసరం ఏమీ కనిపించలేదు.

అక్కడ గూడెంలో పక్కింటి ముసలమ్మ ఖాళీ గుంజను చూసి కేకలు పెట్టింది. ఎవరో మోటారు సైకిల్ మీద చేనుకు పోయి తల్లికి చెప్పారు. ఆ బండి మీదే ఆమె ఆయాసపడుతూ వచ్చింది. చేతుల నిండా మిరప ఘాటు. గుమ్మంలో నిలబడి, బిడ్డ ఒళ్లంతా కళ్లతో తడిమింది కానీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే బిడ్డకు మంట పుడుతుంది. కుండ దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. ఆ తర్వాతే వచ్చి పిల్ల వీపు నిమిరింది.

ఆఫీసరు చెయ్యి ఇంకా పిల్ల చేతిలోనే ఉంది. అలాగే అడిగాడు.

"అమ్మా, రోజూ కట్టేసి పోతారా?"

"లేదు సార్. మేడం కాడికి వస్తున్నప్పటిసంది కట్టలే."

"మరి ఈ రోజెందుకు కట్టారు?"

ఆమె ఆయన వైపు వింతగా చూసింది. ఇంత చిన్న సంగతి ఇంత పెద్ద సారుకు తెలియదా అన్నట్టు.

"మీరొస్తున్నరని కట్టిన సార్."

పెద్దసారు తలవంచుకున్నాడు. పిల్లను విడిపించుకుని పోవడానికి ఆఫీసరుకు చాలాసేపు పట్టింది. సెంటర్ సంగతి ఏమీ తేల్చకుండానే జీపెక్కాడు. తల్లి మేకు మీది పీలికను తీసుకుని, దాంతోనే చేతులు తుడుచుకుని, బొడ్లో దోపుకుంది. మళ్లీ చేనుకు పోవాలి, బండి అతను హారన్ కొడుతున్నాడు.

నాకు నలభై ఏళ్లు దాటాక ఒక ఆఫీసరు మీద నమ్మకం పెట్టుకోవడం అదే మొదలు. నమ్మకం వమ్ము కాలేదు. సెంటర్‌ను ఉన్నచోటే కొనసాగించాలని ఉత్తర్వు వచ్చింది. పెద్దసారు బడికంతా మిఠాయి పంచాడు. అయితే ఆ ఉత్తర్వు కిందే ఇంకో వాక్యం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవారిని సెంటర్లో ఉంచరాదు, నిబంధనను కచ్చితంగా అమలు చేయాలి. ఆ వాక్యం ఆయనే రాశాడో, పైన ఇంకే టేబుల్ మీదో చేరిందో నాకు తెలియదు. ఆ ఎండాకాలంతో ఆ పిల్లకు పద్దెనిమిది నిండుతాయి. ఏ పిల్ల వల్ల గది నిలిచిందో ఆ పిల్లకే అందులో చోటు లేదు.

పద్దెనిమిది దాటినవాళ్లకు ఏముందని నేను తెలిసిన ఆఫీసులన్నీ అడిగాను. దూరాన పట్నాల్లో ఏవో ఉన్నాయన్నారు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి అమ్మ దగ్గరికి వచ్చేంత దూరంలో ఏమీ లేదు. ఇన్నేళ్లు కష్టపడి బస్సెక్కడం నేర్పి, తీరా నేర్చుకున్నాక దిగడానికి చోటు లేదనడం ఏ రకం సాయమో నాకు అర్థం కాలేదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నిజంగా కోపం వచ్చింది అక్కడే. అది ఇప్పటికీ పోలేదు.

తల్లికి చెప్పడానికి గూడెం వెళ్లాను. తునికాకు రోజులు. పాక ముందు కూర్చుని ఆకు కట్టలు కడుతోంది. చెప్పవలసింది చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"అంటే మేడం, పద్దెనిమిది నిండితే నయమైతదా?"

"నయం కాదమ్మా. అది జబ్బు కాదు గదా."

"నాకెర్కే. సర్కారుకు గట్ల ఎవరన్నా చెప్పిన్రా అని అడుగుతున్న."

పక్కన కూర్చుని ఆకులు వరసపెట్టి అందించాను. ఆ పని కూడా నాకు సరిగ్గా రాలేదు. నేనిచ్చినవన్నీ ఆమె మళ్లీ సర్దుకుని కట్టింది. పిల్ల లోపల్నించి చెంబుతో నీళ్లు తెచ్చి నాకిచ్చి ఎదురుగా నిలబడింది.

బడి తెరిచిన రోజు పిల్ల పొద్దుటి బస్సుకు దిగింది. సంచి మేకుకు తగిలించింది, కుండ దగ్గరికి వెళ్లింది. రిజిస్టర్లో పేరు తీసేశారని ఆమెకు ఎలా చెప్పాలి? రావడం నేర్పడానికి మాకు రెండేళ్లు పట్టింది. రావద్దని నేర్పడం ఆపాకు గానీ నాకు గానీ చేతకాదు. నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన సున్నం వెలిసిన గోడ వైపు తిరిగాడు.

"పేరు తీసేయమన్నారు మేడం గారూ, తీసేశాం. మనిషిని పంపేయమని ఎవరన్నారండీ?" అని గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యాడు, నేనూ రిటైరయ్యాను. ఆపా మాత్రం ఇంకా ఉంది. ఊళ్లో ఎవరూ దీన్ని పరిష్కారం అనుకోవడం లేదు, మీరూ అనుకోకండి. తల్లికి వయసు మీద పడుతోంది. ఆమె తర్వాత ఎవరన్న ప్రశ్న అలాగే ఉంది.

మొన్న మా సెంటర్‌కు కొత్తగా వచ్చిన టీచరమ్మ ఫోన్ చేసింది. గొంతు వింటే చిన్నపిల్ల. చాలా భయంభయంగా మాట్లాడింది.

"మేడం, మా లిస్టులో లేని ఒకామె రోజూ పొద్దుటి బస్సుకు వచ్చి అందరికీ నీళ్లిస్తుంది. ఆయమ్మను అడిగితే మిమ్మల్నే అడగమంది. వచ్చే వారం ఆఫీసరు వస్తున్నరంట మేడం. ఆ ఒక్కరోజు ఇంటికాడ ఉంచుకోమని వాళ్లమ్మకు చెప్పియ్యాల్నా?"

"గోడలకు సున్నం వేస్తున్నారా?" అన్నాను.

"అవ్ మేడం. మీకెట్ల తెలుసు?"

"వేసుకోనీ. ఆమెను మాత్రం రానియ్యమ్మా. ఆఫీసరుకు కూడా నీళ్లిస్తుంది. మొత్తం తాగమని చెప్పు."